పొలిమేర దాటితే వైద్యం కార్డు చెల్లదా?

జూన్, జూలై నెలల్లో బంగారుపాళ్యం మామిడి మార్కెట్టు ట్రాక్టర్లతో కిటకిటలాడుతుంది. కాయ కోసే చేతికి, బరువులెత్తే భుజానికి నాలుగు దినాలు పని దొరుకుతుంది. తోతాపురి కోత ముగిసిందంటే ఆ పనీ ముగుస్తుంది. మెట్ట వేరుశెనగ వానను నమ్ముకున్న పంట, అది కూలీకి ఏడాది పొడుగునా కూడు పెట్టదు. 2025లో మాదిరి తోతాపురి ధర పడిపోయి రైతే గిట్టుబాటు కాక తలపట్టుకున్నప్పుడు కూలీ గతి చెప్పనక్కరలేదు.

ఊరి పక్కన పెద్ద రోడ్డుంది. పడమరకు పోతే పలమనేరు, కోలారు మీదుగా బెంగుళూరు. తూర్పుకు పోతే చిత్తూరు దాటి వేలూరు, చెన్నై. మేస్త్రీ వెంట బస్సెక్కిన ఆడామగా కొద్ది గంటల్లో వేరే రాష్ట్రంలో ఉంటారు. కట్టడం మీదినుంచి జారిపడినా, గుండె పట్టేసినా అక్కడే. "కార్డుండాది గదప్పా, చూపిస్తే పోలా?" అని ఊళ్లో అనుకుంటాం. కాని ఆ కార్డు అక్కడ చెల్లుతుందా, లేదా అన్నది ఏ కార్డు, ఏ ఆసుపత్రి, ఏ జబ్బు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చిన మనిషి ఈ లెక్కలన్నీ తేల్చుకోవాలా?

బియ్యం కదిలింది, మందు ఆగింది

రేషన్ సంగతి చూడండి. 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణల మధ్య మొదలుపెట్టి, 2022 జూన్ నాటికి దేశంలో ఏ మూలనైనా కేంద్ర కోటా ధాన్యం తీసుకునే ఏర్పాటు చేశారు. లోపాలున్నా దారి పడింది. బియ్యం మనిషి వెంట పోగలిగినప్పుడు వైద్యం ఎందుకు పోకూడదు?

మన చేతిలోని కార్డుల తీరు వేరు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలోని మూడు జిల్లాల్లో మొదలైంది. గవర్నమెంటు మారినప్పుడల్లా పేరు మారింది. 2024 నుంచి మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. పేరు ఏదైనా అది ఒక రాష్ట్రం ఇచ్చిన హామీ, ఆ రాష్ట్రం ఒప్పుకున్న ఆసుపత్రుల జాబితాకే కట్టుబడి ఉంటుంది. 2019 నవంబరు 1 నుంచి బెంగుళూరు, చెన్నై, హైదరాబాదుల్లో ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో 716 రకాల పెద్ద చికిత్సలకు దీన్ని వర్తింపజేశారు. మంచిదే. కాని ఆ జాబితా పెద్ద ఆపరేషన్ కోసం పట్నం వెళ్లే రోగిని చూసి వేసింది. హోసూరులోనో, కోలారులోనో పనిచేసే కూలీకి దగ్గర్లో ఉన్న ఆసుపత్రిని చూసి వేసింది కాదు.

రెండోది ఆయుష్మాన్ భారత్. 2018 సెప్టెంబరు 23న మొదలైంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయలు. దీనికి పొలిమేర లేదు. కర్ణాటక, తమిళనాడుల్లో ఆ పథకంలో చేరిన ఆసుపత్రి ఏదైనా చూడాలి, ఖర్చు మన రాష్ట్రం చెల్లించాలి. అయితే మన రాష్ట్రం కార్డున్న ప్రతి ఇల్లూ కేంద్రం జాబితాలో లేదు. ఆ తేడా చాలామందికి తెలియదు. ఆసుపత్రి బల్ల దగ్గర నిలబడ్డాక గాని తెలియదు.

ఇక డబ్బు సంగతి. 2025 అక్టోబరులో మన రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రులే బకాయిలు రాలేదని వైద్యసేవ ఆపాయి. సొంత గడ్డమీదే బిల్లు ఆగితే, పొరుగు రాష్ట్రం ఆసుపత్రి ఏ నమ్మకంతో మన కూలీని చేర్చుకుంటుంది? అదే ఏడాది సెప్టెంబరులో మంత్రివర్గం రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీలకు అప్పగించే విధానాన్ని ఆమోదించింది. పొలిమేర అవతల పడిన కూలీ బాధ్యత కంపెనీదా, సర్కారుదా? దీనికి స్పష్టమైన జవాబు కావాలి.

కాంట్రాక్టరు తప్పించుకున్నాడు

అసలు ఈ భారం ఎవరిది? 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురు, అంతకు మించి ఉన్న చోట ఉచిత వైద్య సదుపాయం కాంట్రాక్టరే కల్పించాలన్నది. ఎన్ని చోట్ల అమలైందో మనకు తెలిసిందే. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన లేబర్ కోడ్ ఆ చట్టాన్ని మింగేసింది. ఐదుగురన్నది పదిమంది అయింది. ఉచిత వైద్యం అన్నచోట, అక్కడి మిగతా కార్మికులకున్న ఈఎస్ఐ, వైద్య పరీక్షల్లాంటి సౌకర్యాలు వలసకూలీకీ ఇవ్వాలన్న మాట వచ్చింది. ఏ సౌకర్యమూ లేని చోట సమానం అంటే ఏమిటి? రేషన్ ఏ రాష్ట్రంలోనైనా తీసుకునేందుకు, భవన నిర్మాణ సెస్సు నిధి లబ్ధి పని ఉన్న రాష్ట్రంలోనే పొందేందుకు పథకాలు చేయాలని ఆ కోడ్‌లో రాశారు. వైద్యం కార్డుకు అలాంటి పథకం మాట రాయలేదు.

ఇది జరగని పని కాదు. కెనడాలో 1984 ఆరోగ్య చట్టం ప్రకారం ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మారిన మనిషికి కొత్తచోట హక్కు వచ్చేదాకా పాత రాష్ట్రమే ఖర్చు భరించాలి. ఆ గడువు మూడు నెలలు మించకూడదు. మనిషి నడుమ పడిపోకూడదన్నదే సూత్రం.

మనం అడగవలసింది

వైద్యసేవ కార్డున్న ప్రతి కుటుంబానికీ పొరుగు రాష్ట్రాల్లో చికిత్స దొరకాలి. మన కూలీలు ఎక్కువగా పనిచేసే చోట్ల ఆసుపత్రులు జాబితాలో చేరాలి, వాటి బిల్లులు గడువులోగా చెల్లించాలి. కట్టడం పనుల్లో ఈఎస్ఐ నమోదు చేయని కాంట్రాక్టరుపై చర్య ఉండాలి. కట్టడం కార్మికులకు 2015 ఆగస్టు నుంచి ఈఎస్ఐ వర్తిస్తుంది, నెలకు 21,000 రూపాయల లోపు జీతానికి అది దేశమంతటా చెల్లే హక్కు.

అందాకా కార్యకర్తలు చేయవలసిన పని ఒకటుంది. బస్సెక్కే ముందే ప్రతి కుటుంబం పేరు ఆయుష్మాన్ జాబితాలో ఉందో లేదో సచివాలయంలో చూపించండి. ఆ పథకానికి 14555, మన వైద్యసేవకు 104. ఈ రెండు నంబర్లూ కూలీ జేబులో ఉండాలి. మేస్త్రీ పేరు, కాంట్రాక్టరు పేరు, పనిచోటు ఊళ్లో రాసిపెట్టుకోండి. ప్రమాదం జరిగిన నాడు అడగడానికి ఆ కాగితమే మనకు ఆధారం.

చెమట చిందించడానికి లేని పొలిమేర, వైద్యం చేయించుకోవడానికి ఎందుకుండాలి? ఊరూరా ఈ ప్రశ్న అడుగుదాం, అందరం కలిసి అడుగుదాం.