కరెంటు బిల్లు ఎవరు కడతారు?

దానమిచ్చిన ఫ్యాన్ రెక్కల మీద దాత పేరు రాయించడం మనకు అలవాటు. గుళ్ళో చూస్తాం, బళ్ళో చూస్తాం, ఆఖరికి శ్మశానం షెడ్డులో కూడా చూస్తాం. 'కీర్తిశేషులు ఫలానావారి జ్ఞాపకార్థం' అని ఎర్ర రంగు అక్షరాలు. తమాషా ఏమిటంటే ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ ఆ పేరు ఎవరికీ కనిపించదు. ఆగితేనే చదవగలం. బిల్లు కట్టలేక కరెంటు పోగొట్టుకున్న సంస్థల్లో అయితే దాతలందరి పేర్లూ తీరిగ్గా చదువుకోవచ్చు!

నవ్వులాటకి అనడం లేదు. మన ఇళ్ళ చుట్టుపక్కల నడిచే కుట్టు కేంద్రాలు, సాయంత్రం బడులు, బాలవాడీలు, దిక్కులేని ముసలివాళ్ళకు నీడనిచ్చే ఇళ్ళు చూడండి. ఇలాంటివి మూతపడేది సామాను లేక కాదు. మిషన్లుంటాయి, కుట్టు నేర్పే మనిషికి జీతం ఉండదు. బియ్యం బస్తాలుంటాయి, వండే ఆవిడ చేతిలో పెట్టడానికి డబ్బుండదు. పిల్లాడి పుట్టినరోజుకి కేకు పట్టుకెళ్ళేవాళ్ళు ఉన్నారు. పెద్దల తిథినాడు అందరికీ భోజనం పెట్టేవాళ్ళూ ఉన్నారు. మంచిదే, వద్దనను. కానీ వచ్చే నెల ఇంటద్దె ఎవరిస్తారని అడిగి చూడండి, అందరూ పక్కకి చూస్తారు.

నేనుండేది బొల్లారంలో. ఫ్యాక్టరీల బొల్లారం కాదు, రాష్ట్రపతి నిలయం ఉన్న కంటోన్మెంటు బొల్లారం. ఇక్కడి హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. 1983 నవంబరులో ఎలిజబెత్ రాణి తన పెళ్ళిరోజున ప్రార్థనకు వచ్చింది ఈ చర్చికే. అటుగా వెళ్ళినప్పుడల్లా నాకో ఆలోచన వస్తుంది. ఇన్నేళ్ళు ఒక కట్టడం నిలబడిందంటే కట్టించినవాళ్ళ గొప్ప ఎంతో, ఏటా పైకప్పు చూసుకుని, వాకిలి ఊడ్చి, సున్నం వేయించినవాళ్ళ చలవా అంతే కదా. శిలాఫలకం మీద మాత్రం మొదటివాళ్ళే ఉంటారు.

ఈ ఊళ్ళోనే ఒక కుట్టు కేంద్రం ఉంది. పేరెందుకు లెండి, ఇలాంటివి ప్రతి పేటలోనూ ఉంటాయి. రెండు గదుల అద్దె ఇల్లు. ఆరు మిషన్లు, ఆరూ దానంగా వచ్చినవే. ఇంకో రెండు ఇస్తామని దాతలు సిద్ధంగా ఉన్నారు, పెట్టడానికి చోటు లేదు. నేర్పే అమ్మాయికి నెలకు 4 వేలు. జాకెట్టు కటింగులో ఆమె చేతికి తిరుగులేదు. ఇంట్లో కూర్చుని బయటి బట్టలు కుట్టుకుంటే ఇంతకు రెండింతలు వస్తుంది. "మరి ఇక్కడెందుకమ్మా?" అని అడిగాను. "నేను మానేస్తే వీళ్ళు మధ్యలో ఆగిపోతారాంటీ" అంది.

అంటే లెక్క ఏమిటి? నెలనెలా 4 వేలు వదులుకుంటున్న ఆ అమ్మాయే ఆ కేంద్రానికి అందరికన్నా పెద్ద దాత. ఆమె పేరు ఏ మిషను మీదా లేదు.

అందుకే 'సేవ' అన్న మాట వింటే నాకు కాస్త అనుమానం. ఇంట్లో ఆడవాళ్ళు చేసే చాకిరీకి జీతం లేకపోవడం ఎలా అలవాటైపోయిందో, సంస్థల్లో ఆడవాళ్ళు చేసే పనికి సగం జీతం ఇవ్వడం కూడా అలాగే అలవాటైపోయింది. ఆయా, వంటమనిషి, టీచరు, వీళ్ళందరిదీ సేవే. ఆడిటరు గారిది మాత్రం ఫీజు. ఎవరూ ఇవ్వని డబ్బు ఎక్కడినుంచి వస్తోందో అని వెతికితే, చివరికి ఓ పేద ఇల్లాలి జీతంలోంచి వస్తోందని తేలుతుంది.

'నేనిచ్చిన రూపాయిలో ఎన్ని పైసలు పిల్లలకి చేరతాయి?' అని దాతలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ బాలవాడీలో ఆయా జీతం పిల్లలకి చేరినట్టు కాదా? పిల్లాడికి ముక్కు తుడిచి అన్నం తినిపించేది ఆ జీతమే. ఈ అనుమానం మన ఒక్కళ్ళదే కాదు. విదేశీ విరాళాల్లో పాలనా ఖర్చులకు వాడుకోగలిగే వాటాను 2020లో చట్టం సవరించి 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. మోసాలు అరికట్టాలంటే ఏదో ఒక హద్దు ఉండాలి, ఒప్పుకుంటాను. అయితే అమెరికాలో దానసంస్థలకు మార్కులు వేసే మూడు పెద్ద సంస్థలే 2013లో దాతలకు బహిరంగ లేఖ రాశాయి, పాలనా ఖర్చు శాతం ఒక్కటే చూసి మంచిచెడ్డలు తేల్చవద్దని. మార్కులు వేసేవాళ్ళే ఆ మాట అన్నారంటే ఆలోచించాలి కదా!

నెలవారీ ఖర్చు పంచుకోవడం మనకు కొత్తేమీ కాదు. వారాలు చేసుకుని చదువుకున్న తాతల కథలు మన ఇళ్ళలో ఎన్ని లేవు! ఏడు ఇళ్ళు, ఏడు రోజులు, రోజుకో ఇంట్లో భోజనం. ఏ ఒక్క ఇంటికీ భారం కాలేదు, కుర్రాడి చదువు ఆగలేదు. ఎవరూ అతనికి ఇల్లు కట్టివ్వలేదు, అతను చదివినన్నాళ్ళూ తమ వంతు రోజున అన్నం పెట్టారు, అంతే. అన్ని కులాల పిల్లలకీ ఆ విస్తరి దొరకలేదన్నది నిజం. వారాలు చేసుకుని చదువుకున్న ఆడపిల్ల సంగతి నేనైతే ఎక్కడా వినలేదు. వండిందీ వడ్డించిందీ మాత్రం ఆడవాళ్ళే! అయినా ఆ ఏర్పాటులోని కిటుకు గొప్పది. మిజోరంలో ఆడవాళ్ళు వంద సంవత్సరాలకు పైగా వండే ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెడుతున్నారు. అవి పోగుచేసి అమ్మి, ఆ డబ్బుతో చర్చి పనులు నడుపుతారు. ఎసట్లో పోసే బియ్యంలో ఓ పిడికెడు తగ్గితే ఏ ఇల్లూ పస్తు ఉండదు.

ప్రభుత్వం ఇవ్వాలి కదా అంటారు. ఇవ్వాల్సిందే. ఆ మాట అందరికన్నా ముందు గట్టిగా పట్టుకున్నది మన తెలుగావిడే. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించిన దుర్గాబాయమ్మ సంస్థ నడపడంలోని కష్టం స్వయంగా ఎరిగిన మనిషి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షురాలు ఆవిడే. ఊళ్ళలో ఆడవాళ్ళు నడిపే చిన్న సంస్థలకు గ్రాంటు ఇవ్వడం ఆ బోర్డు పని. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు తక్కువ కాలంలో పరీక్షకు తయారుచేసే కోర్సులు, కుటుంబ సలహా కేంద్రాలు ఆ సాయంతో నడిచాయి. ఆ బోర్డును 2022 జూలై నెలాఖరుతో మూసేశారు. దాదాపు డెబ్భై ఏళ్ళ సంస్థ పోయిందన్న సంగతి మనలో ఎందరికి తెలుసు? ఏ సినిమా హీరో పెళ్ళో అయితే వారం రోజులు మాట్లాడుకునేవాళ్ళం.

సరే, మా సంగతికి వస్తాను. ఆ కుట్టు కేంద్రం కోసం మేం 14 మంది కలిశాం. రిటైరైన టీచర్లు, మిలిటరీవాళ్ళ భార్యలు, ఓ బ్యాంకు ఉద్యోగిని, బజారులో గాజుల కొట్టు నడిపే ఆవిడ. తలా నెలకు 500, ఏడాదిపాటు మాట తప్పకుండా. మొత్తం 7 వేలు. అందులో 4 వేలు ఆ అమ్మాయి జీతానికి కలిపాం, ఇప్పుడామెకు 8 వేలు వస్తున్నాయి. మిగతా 3 వేలు అద్దెకి. చిట్టీ కట్టే అలవాటు ఉన్న ఆడవాళ్ళకి ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు, పాట పాడి ఎత్తుకోవడం ఉండదంతే! అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని జాక్సన్ అనే ఊళ్ళో 2006లో ఒకావిడ వందమంది స్నేహితురాళ్ళని పిలిచి తలా వంద డాలర్లు అడిగిందట. గంటలో పని అయిపోయింది. ఆ పద్ధతి తర్వాత ఎన్నో ఊళ్ళకు పాకింది. మనకి వందమందీ అక్కర్లేదు.

డబ్బు పోగవడం కష్టం కాలేదు. మాటలే కష్టమయ్యాయి. ఒకావిడ గోడకి మన ఫొటో పెట్టిద్దామంది. ఇంకొకావిడ, "మనం ఇస్తున్నాం కదా, మా పనిమనిషి కూతుర్ని ముందు చేర్చుకోమందాం" అంది. దసరాకి పిల్లలకి చీరలు పెడదామని మరొకరు. మూడూ వద్దనుకున్నాం. మొదటిది తేలిగ్గానే తేలిపోయింది. రెండోదాని మీద చాలాసేపు వాదన జరిగింది. చివరికి గాజుల కొట్టావిడే తేల్చింది, "మనం అద్దె కడుతున్నాం, ఇల్లు కొనలేదు" అని. సీటు ఎవరికివ్వాలో, ఎప్పుడు సెలవివ్వాలో కేంద్రంవాళ్ళే చూసుకుంటారు. మేం అడిగేది ఒక్కటే, మూడు నెలలకోసారి వచ్చిందెంత పోయిందెంత ఒక కాగితం మీద రాసివ్వమని. మాలో ఎవరికైనా చేతిలో డబ్బు ఆడకపోతే, జూన్‌లో పిల్లల ఫీజులప్పుడు మరీ, రెండు నెలలు మానేయవచ్చు. కారణం ఎవరూ అడగరు.

మీరూ ఇలా మొదలుపెట్టాలనుకుంటే ముందు ఆ సంస్థ రిజిస్ట్రేషన్ కాగితం, కిందటేటి ఆడిట్ లెక్క చూడండి. చూపించడానికి నసిగేవాళ్ళ దగ్గర ఆగవద్దు. డబ్బు చేతికివ్వకుండా సంస్థ పేరున ఉన్న బ్యాంకు ఖాతాలో వేయండి. పన్ను రాయితీ కావాలనుకునేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది, 2017 నుంచి 2 వేలు మించి నగదుగా ఇస్తే ఆ రాయితీ రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి అసలే లేదు. అన్నిటికన్నా ముఖ్యం, 'మీకేం కావాలి?' అని వాళ్ళనే అడగండి. మొదట మొహమాటంతో ఏ బీరువానో, కుర్చీలో అంటారు. దాతలకి ఏమిష్టమో వాళ్ళకి బాగా తెలుసు మరి. రెండోసారి అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

వచ్చే నెల నుంచి అద్దె ఇంకో 500 పెంచుతానని మా కుట్టు కేంద్రం ఇంటి యజమాని కబురు పెట్టాడు. పదిహేనో మనిషి కోసం చూస్తున్నాం.