హాప్స్‌కు రికార్డుంది, రాను సంగతేమిటి?

జంషెడ్‌పూర్‌లోని టెల్కో కాలనీ దాటి పల్లె సంతలకు వెళ్తే ఆదివాసీ మహిళలు హండియా అమ్ముతూ కనిపిస్తారు. ఇది అన్నం పులియబెట్టి చేసే బీరు. పేల్ ఏల్‌లో మొలకెత్తిన బార్లీ ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. చేదు, సువాసన హాప్స్ పువ్వులవి. హండియాలో ఎంజైములిచ్చేది 'రాను' బిళ్ళలోని బూజులు. ఆ చక్కెరను ఈస్ట్ ఆల్కహాల్‌గా మారుస్తుంది. బియ్యప్పిండిలో అడవి వేళ్ళు, బెరళ్ళు కలిపి రాను చేస్తారు.

అమెరికాలో 1972లో విడుదలైన కాస్కేడ్ హాప్‌కు పేరుంది, వంశవృక్షముంది. రానులో కలిపే మొక్కలు మాత్రం ఊరూరికీ మారతాయి. ఆ జ్ఞానం ఎక్కువగా నోటిమాటగానే సాగుతోంది. అడవి తరిగితే అదీ పోతుంది. పరిశోధనశాలలు రాను సూక్ష్మజీవులను భద్రపరచాలి. వాటితో లాభం వస్తే, 2002 జీవవైవిధ్య చట్టం స్ఫూర్తితో ఆ మహిళలకూ వాటా దక్కాలి.