రెడ్‌వుడ్ అడవిలో రాలిన మెతుకు

వేసవి సెలవులొస్తే కాలిఫోర్నియాలోని తెలుగు కుటుంబాలు ఎన్నో టెంట్లు సర్దుకుని రెడ్‌వుడ్ అడవుల దారి పడతాయి. తప్పకుండా వెళ్ళాలి. పిల్లలు ఫోన్లు పక్కనపెట్టి ఆ చెట్ల నీడన నడవాలి, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలూ ఆ మానులను చూడాలి. అయితే అక్కడ ఎలా మసలుకోవాలో బయల్దేరే ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి. ఈ వారం నా మనవి అదే.

రెడ్‌వుడ్‌ను చూస్తే దానికి మనవల్ల ఏ హానీ జరగదనిపిస్తుంది. వంద మీటర్లు దాటే ఎత్తు, రెండు వేల ఏళ్ళ దాకా ఆయుష్షు, మంటను కాచుకునేంత మందమైన బెరడు. 1902లో ఏర్పడిన బిగ్ బేసిన్, కాలిఫోర్నియాలో అన్నిటికన్నా పాత స్టేట్ పార్కు. 2020 ఆగస్టులో పిడుగుల వల్ల రేగిన కార్చిచ్చు దాన్ని దాదాపు మొత్తం కాల్చేసింది. ఆ మాడిన రెడ్‌వుడ్ మానులే మళ్ళీ చిగురించాయి.

అంత గట్టి చెట్టుకూ వేళ్ళు మాత్రం లోతుకు పోవు. నేలలో కొద్ది మీటర్లే దిగి, పక్కలకు చాలా దూరం పాకుతాయి. పదేపదే తొక్కితే ఆ నేల గట్టిపడి నీరు ఇంకదు. 2006లో గుర్తించిన హైపీరియన్, సుమారు 116 మీటర్లతో, ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చెట్టు. దాని దగ్గరికి బాటే లేదు. అయినా జనం వెతుక్కుంటూ వెళ్ళి చెట్టు మొదలు చుట్టూ ఫెర్న్ మొక్క మిగలకుండా తొక్కేశారు. చివరికి 2022లో ఆ చోటు మూసేశారు. ఇప్పుడు అక్కడికి వెళ్తే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు.

కాళ్ళ సంగతి అది. చేతుల సంగతి ఇంకా ముఖ్యం. మార్బుల్డ్ మర్రెలెట్ అనే చిన్న పక్షి సముద్రంలో చేపలు పట్టి బతుకుతుంది. గుడ్డు పెట్టడానికి మాత్రం ఈ ముసలి చెట్ల నాచు పట్టిన కొమ్మల మీదికి వస్తుంది. అదీ ఒక్కటే గుడ్డు. క్యాంపుల్లో రాలిన తిండికి స్టెల్లర్స్ జే అనే నీలి పక్షులు, బొంత కాకులు మరిగి అక్కడే గుంపులు కడతాయి. పైకొమ్మల్లోని ఆ ఒక్క గుడ్డునూ తినేస్తాయి. అందుకే ఒక్క మెతుకు కూడా వదలొద్దని పార్కులవాళ్ళు అంతగా చెబుతారు.

చూరుకు వరికంకులు కట్టి పిచ్చుకలను పిలిచిన ఇళ్ళు మనవి. పక్షికి పిడికెడు పెడితే పుణ్యమని పెరిగాం. ఆ మంచి మనసే ఈ అడవిలో హాని చేస్తుంది. ఇక్కడ పెట్టకపోవడమే దయ. పులిహోర తిన్నాక చాప అక్కడే దులపకూడదు. జంతికల డబ్బా బల్లమీద వదలకూడదు, ఆహారం దాచే ఇనప పెట్టెలో పెట్టి తలుపు వేయాలి. గిన్నెలు కుళాయి దగ్గర తోమకూడదు.

ఒకప్పటి రెడ్‌వుడ్ అడవిలో ఇప్పుడు మిగిలింది నూటికి ఐదు వంతులే. 1918లో ఏర్పడిన సేవ్ ది రెడ్‌వుడ్స్ లీగ్ విరాళాలు పోగుచేసి ఎకరాలకెకరాలు కొనబట్టే ఆ మాత్రమైనా దక్కింది. వాళ్ళు సొమ్ము పెట్టి కాపాడారు. మన వంతు అంతకన్నా చాలా తేలిక. బాట దాటకుండా నడవడం, రాలిన మెతుకులు ఏరడం. ఏరే పని పిల్లలకే అప్పగించండి, కానీ ఆ ఒక్క గుడ్డు సంగతి ముందు చెప్పండి. కారణం తెలిసిన పిల్లలు నియమాన్ని పెద్దలకన్నా గట్టిగా పాటిస్తారు.