పరీక్ష పాసైన పిల్ల, తెరవని స్కూల్ లాగిన్

ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాసి సెలెక్ట్ అయిన పిల్లలకు తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. నాలుగేళ్లకు 48,000. ఆటో మీదో, పండ్ల బండి మీదో బతికే ఇంటికి ఇది చిన్న సొమ్ము కాదు. ఆడపిల్ల చదువు పదితో ఆపేద్దామా అన్న మాట ఇంట్లో వచ్చినప్పుడు లెక్కలోకి వచ్చే సొమ్ము. 2008లో మొదలైన ఈ కేంద్ర పథకానికి మతంతో పని లేదు. ప్రభుత్వ, ఎయిడెడ్, లోకల్ బాడీ స్కూల్లో చదువుతూ, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకపోతే పరీక్ష రాయొచ్చు. ఒకటి నుంచి ఎనిమిది తరగతుల మైనారిటీ ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌ను 2022లో ఆపేశాక, ముస్లిం పిల్లలకు దీని అవసరం ఇంకా పెరిగింది.

కానీ పరీక్ష పాసైతే సరిపోదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఫారం నింపాలి. దాన్ని ముందు స్కూల్ నోడల్ ఆఫీసర్, ఆ తర్వాత జిల్లా నోడల్ ఆఫీసర్ వెరిఫై చేయాలి. అందుకు స్కూల్ దగ్గరున్నది ఒక లాగిన్, ఒక డ్యాష్‌బోర్డ్. అసలు చిక్కు ఆ తెర మీదే ఉంది.

లాగిన్ తెరిస్తే కనిపించేవి అంకెలు: ఎన్ని ఫారాలు వచ్చాయి, ఎన్ని వెరిఫై అయ్యాయి, ఎన్ని పెండింగ్. పాఠాలు చెప్పుకుంటూ, మధ్యాహ్న భోజనం లెక్కలు రాసుకుంటూ ఈ పని కూడా చూసే టీచర్‌కు "పెండింగ్ 3" అన్న అంకె ఏం చెబుతుంది? ఆ ముగ్గురు ఎవరు, ఎవరి గడువు ఎల్లుండి ముగుస్తోంది, ఎవరి ఫారం ఏ తప్పు దగ్గర ఆగింది అన్నవి ముందు కనిపించాలి. పైగా గడువు ఒకటి కాదు. పిల్ల అప్లై చేయడానికి ఒక తేదీ, స్కూల్ వెరిఫై చేయడానికి ఇంకో తేదీ, జిల్లాకు మరో తేదీ. స్కూల్ తేదీ దాటితే నష్టం స్కూల్‌కు కాదు, పిల్లకు.

మన ఇళ్లలో ఎక్కువగా తగిలే దెబ్బ పేరు దగ్గర. ఆధార్‌లో 'మహమ్మద్', పరీక్ష రికార్డులో 'ఎండీ', బ్యాంకు పాస్‌బుక్‌లో 'మొహమ్మద్'. 'షేక్' ఒకచోట పేరుకు ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒట్టి 'ఎస్'. 'బేగం' ఉండేది ఒక కాగితంలో, లేనిది ఇంకో కాగితంలో. మనిషి చూస్తే ఒకే పిల్ల అని ఇట్టే తెలుస్తుంది. కంప్యూటర్‌కు వేర్వేరు పిల్లలు. ఆధార్ సరిచేయించడానికి రోజులు పడుతుంది కాబట్టి, ఈ తేడా గడువు చివర్లో బయటపడితే చేసేదేమీ ఉండదు. ఫారం తెరిచిన మొదటి రోజే రెండు పేర్లూ పక్కపక్కన చూపించి, తేడా ఉన్న అక్షరాలకు రంగు వేస్తే సగం గొడవ అక్కడే తీరుతుంది.

బటన్ల సంగతీ అంతే. 'డిఫెక్ట్' నొక్కితే ఫారం దిద్దుకోవడానికి పిల్ల దగ్గరికి తిరిగి వస్తుంది. 'రిజెక్ట్' నొక్కితే ఆ ఏడాదికి కథ ముగిసినట్టే. ఇంత తేడా ఉన్న రెండు పనులకు తెలుగులో రెండు ముక్కల హెచ్చరిక ఉండాలి. డిఫెక్ట్ పెట్టిన వెంటనే కారణంతో సహా అమ్మీ ఫోన్‌కో అబ్బా ఫోన్‌కో తెలుగులో, ఉర్దూలో మెసేజ్ వెళ్లాలి.

పోర్టల్‌ను నడిపేవాళ్ల భయం వేరు, అదీ ఉత్తుత్తిది కాదు. మైనారిటీ స్కాలర్‌షిప్‌ల మీద విచారణ జరిగితే, పరిశీలించిన 1,572 సంస్థల్లో 830 నకిలీవనో, నడవనివనో 2023లో బయటపడింది. 144.83 కోట్ల రూపాయల నష్టమని మంత్రిత్వ శాఖ లెక్క తేల్చి, వ్యవహారాన్ని సీబీఐకి ఇచ్చింది. ఆ తర్వాత సంస్థల హెడ్‌లకు, నోడల్ ఆఫీసర్లకు బయోమెట్రిక్, పిల్లలకు ఆధార్‌తో వన్ టైమ్ రిజిస్ట్రేషన్ వచ్చాయి. అవసరమే, కాదనలేం. ఆ దొంగతనం వల్ల మొదట పరువు పోయింది కూడా నిజాయితీగా చదువుకునే పిల్లలదే. కానీ మార్పులన్నీ లోపలికి ఎవరు రావాలన్న దాని మీదే జరిగాయి. లోపలికి వచ్చిన టీచర్ పని సులువు కావడం మీద అంత దృష్టి పెట్టలేదు. నోడల్ టీచర్ బదిలీ అయి, ఓటీపీ ఆయన పాత నంబర్‌కే వెళ్తుంటే, తాళం ఎంత గట్టిదైతే స్కూల్‌కు అంత కష్టం.

పదో తరగతి తర్వాత మన దగ్గర పిల్లలు జూనియర్ కాలేజీకి మారతారు. పదిలో 60 శాతం తెచ్చుకున్నా (ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంది), రెన్యూవల్ ఫారాన్ని ఇకపై వెరిఫై చేయాల్సింది కొత్త కాలేజీ. తమ దగ్గర చేరిన పిల్లల్లో ఈ స్కాలర్‌షిప్ ఎవరికి ఉందో కాలేజీ లాగిన్ చేరిన రోజే చూపించాలి. అది వచ్చేదాకా అడ్మిషన్ రోజునే నోడల్ ఆఫీసర్ ఎవరో కనుక్కుని, పాత అప్లికేషన్ నంబర్ చేతిలో పెట్టి రావడం తల్లిదండ్రుల పనే.