రేకులు నిలిచెను, వరుసలు పోయెను

వడమాలపేట తిరుపతి–చెన్నై మార్గమున, పుత్తూరునకు చేరువలో నున్నది. ఆ గ్రామపు బాలబాలికలకు తిరుమల దూరము కాదు. అన్నమాచార్యుని కీర్తనలు క్రొత్తవి కావు. ఆ మహానుభావుడు 1503లో పరమపదించెను. ఆయన కీర్తనలు రాగిరేకులపై చెక్కింపబడి తిరుమల ఆలయమున భద్రపరుపబడినవి. శతాబ్దములు గడచినను రేకులు నిలిచెను. వానిపై పదములున్నవి, రాగముల పేర్లున్నవి. పాడెడి వరుసలు మాత్రము లేవు. అందుచే 20వ శతాబ్దమున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు క్రొత్త వరుసలు కూర్పవలసి వచ్చెను. వస్తువు నిలిచినను, దానిని పలికించు విధము నిలువకున్న సగమే దక్కినట్లు.

కంప్యూటరు యుగమునను ఇట్టి చిక్కే కలిగెను. 1996లో వెలువడి, ఫ్లాష్ అను పేర ప్రసిద్ధి కెక్కిన సాఫ్ట్‌వేరుతో అనేకులు కదలెడి బొమ్మలను, ఆటలను, పాఠములను రచించి ఇంటర్నెట్టు ద్వారా లోకమునకు పంచిరి. వానిని చూచుటకు కంప్యూటరునందు ఫ్లాష్ ప్లేయర్ ఉండవలెను. 2005లో ఆ సాధనము అడోబీ సంస్థ వశమయ్యెను. హైదరాబాదున జన్మించిన శంతను నారాయణ్ ఆ సంస్థకు అధిపతిగా నున్న కాలమున, 2017లో, దాని విరమణ ప్రకటింపబడెను; 2020 డిసెంబరు 31న అది ముగిసెను. 2021 జనవరి 12 నుండి ప్లేయర్ ఆ రచనలను నడువనీయలేదు. ఫైళ్లు చెక్కుచెదరలేదు, కాని మూగవోయెను.

ఫ్లాష్‌ను విరమించుటయే తప్పనుట సమంజసము కాదు. దానియందలి లోపముల గుండా దుండగులు కంప్యూటర్లలోనికి చొరబడుచుండిరి. ఎల్లరకు తెరచియుంచిన క్రొత్త పద్ధతులు ఆ పనులను బ్రౌజరునందే నెరవేర్చుచుండెను. పాతబడిన సాధనము తొలగుట సహజము. దానితోపాటు రచనలు నశించుటయే అన్యాయము.

ఆ నష్టము కొంత తప్పినది. ఫ్లాష్ ఫైలు ఎట్లు నిర్మింపబడునో తెలుపు వివరణమును అడోబీ ప్రచురించి, 2008లో దాని వాడుకపై నున్న ఆంక్షలను తొలగించెను. అట్టి వ్రాత యుండుటచేతనే ఇతరులు ఆ ఫైళ్లను చదువగల సాధనములను నిర్మింపగలిగిరి. రఫుల్ అను ఉచిత సాఫ్ట్‌వేరు అట్టిది. దాని సాయమున 2020 నవంబరు నుండి ఇంటర్నెట్ ఆర్కైవ్ పాత రచనలను మరల చూపసాగెను. కీర్తనల వరుసలకు లభింపని భాగ్యము వీనికి లభించినది.

నేటి విద్యార్థులు అవ్వల పాటలను ఫోనులో భద్రపరచుట మెచ్చదగినదే. అంతటితో తృప్తి చెందరాదు. పెక్కు సాధనములలో తెరువదగిన రూపమున ఆ పాటలను దాచవలెను. పాడినవారెవరో, ఏ సందర్భమున పాడుదురో కాగితముపై వ్రాసి యుంచవలెను. అప్పుడే రాబోవు తరమువారు వానిని వినగలరు, పాడగలరు.