రెండు పాళ్ళు ఎటువైపు?

ఇంటర్మీడియట్ గణితంలో నేను పోగొట్టుకున్న మార్కు ఒకటి ఇప్పటికీ గుర్తుంది. త్రిభుజపు లంబకేంద్రమూ పరివృత్త కేంద్రమూ ఇచ్చి, గురుత్వ కేంద్రాన్ని కనుక్కోమన్నారు. మూడూ ఒకే సరళరేఖపై ఉంటాయనీ, నిష్పత్తి 2:1 అనీ నాకు కంఠతా వచ్చు. ఆ రెండు పాళ్ళు ఎటువైపో మాత్రం తెలియదు. తలకిందులుగా రాసి వచ్చాను.

మొన్న మా అక్క కూతురు ప్రవేశ పరీక్ష కోసం అదే నిష్పత్తిని వల్లె వేస్తుంటే, అలా ఎందుకుంటుందని అడిగాను. "అది ఫార్ములా, మామయ్యా!" అంది.

1767లో అచ్చయిన వ్యాసంలో ఆయిలర్ ఈ సంగతిని భుజాల పొడవులతో సుదీర్ఘమైన బీజగణితం చేసి రాబట్టాడు. మనకంత శ్రమ అక్కరలేదు. పరివృత్త కేంద్రాన్నే మూలబిందువుగా తీసుకుంటే చాలు.

(3, 4), (5, 0), (−4, 3) శీర్షాలనుకుందాం. మూడూ మూలబిందువుకు 5 యూనిట్ల దూరంలోనివే. నిరూపకాలను కూడితే (4, 7). లంబకేంద్రం అదే! (3, 4) నుంచి అక్కడికి గీసిన రేఖ వాలు 3, ఎదుటి భుజం వాలు −1/3, లబ్ధం −1.

ఇది కాకతాళీయం కాదు. శీర్షం నుంచి ఆ బిందువుకు పోయే దిశ, మిగిలిన రెండు శీర్షాల మొత్తం. ఎదుటి భుజం దిశ, వాటి భేదం. రెండు సమాన వ్యాసార్ధాలతో సమచతుర్భుజం కడితే, ఆ మొత్తమూ భేదమూ దాని కర్ణాలవుతాయి. అవి లంబంగానే ఖండించుకుంటాయి కదా! ఇక గురుత్వ కేంద్రం ఆ మొత్తంలో మూడోవంతు. కనుక పరివృత్త కేంద్రం వైపు ఒక పాలు, లంబకేంద్రం వైపు రెండు పాళ్ళు. మరచిపోదామన్నా మరపురాదు.

గడియారంతో పరుగుపందెం వేసే పిల్లలకు ఇదంతా దేనికని కొందరు అనవచ్చు. సూత్రాలు వద్దని నేననను. పరివృత్త కేంద్రం ఇవ్వనప్పుడు దాన్ని కనుక్కోవడమే ఒక పని, అదీ నిజమే. కానీ కారణం తెలిసినవాడు సూత్రాన్ని మరచినా రెండు నిమిషాల్లో తిరిగి కట్టుకోగలడు. వల్లె వేసినవాడికి మిగిలేది అనుమానమే, నాకు మిగిలినట్టు.

అంతా విని మా పిల్ల అడిగింది: "మరి అంతరవృత్త కేంద్రం ఈ గీత మీదికి ఎప్పుడొస్తుంది?" సమబాహు త్రిభుజంలో ఈ కేంద్రాలన్నీ ఒకటే కనుక గీతే ఉండదు. దాన్ని పక్కన పెడితే, సమద్విబాహు త్రిభుజంలో మాత్రమే వస్తుంది. ఎందుకో కాగితం, పెన్సిలు తీసుకుని మీరే చూడండి.