రెండు ఏకారములు

ఆంగ్లభాషలోని పెద్దపెద్ద పదములు మన విద్యార్థులను అంతగా బాధింపవు. అవి కనబడగానే విద్యార్థి నిఘంటువును తెరచును, అర్థము వ్రాసికొనును, అంతటితో చిక్కు తీరిపోవును. అతనిని మోసగించునవి చిన్న పదములు. అవి తనకు తెలిసినవే యని నమ్మును గనుక వాటికొరకు అతడు నిఘంటువును తెరువడు. అట్టి వాటిలో ‘ఫ్యూ’ అను విశేషణ మొకటి.

‘ఫ్యూ’ అనగా ‘కొన్ని’ యని తరగతులలో చెప్పుట పరిపాటి. మరి ‘ఏ ఫ్యూ’ అనగా నేమని అడిగినచో, అదియును ‘కొన్ని’యే యని సమాధానము వచ్చును. ఈ రెండింటిని ఒకే గాట కట్టుట తగదు. ‘హి హేజ్ ఏ ఫ్యూ ఫ్రెండ్స్’ అనినచో అతనికి కొందరు మిత్రులున్నారని తాత్పర్యము. అతడు ఒంటరివాడు కాడు. ‘హి హేజ్ ఫ్యూ ఫ్రెండ్స్’ అనినచో అతనికి మిత్రులు కొందరే. ఇంచుమించు లేరనియే భావము. రెండు వాక్యములలోను మిత్రులు ముగ్గురే కావచ్చును. సంఖ్య మారలేదు, చూచువాని చూపు మారినది. మొదటి వాక్యము ఉన్నవారిని లెక్కించినది. రెండవది లేనివారిని తలచికొన్నది.

ఈ భేదము తెలుగువానికి క్రొత్తది కాదు. ‘సభకు కొందరు వచ్చిరి’ అనుటకును, ‘సభకు కొందరే వచ్చిరి’ అనుటకును గల అంతరము మన యిండ్లలోని పసిపిల్లలకు సైతము తెలియును. మొదటి మాటలో తృప్తి యున్నది. రెండవ మాటలో కొరత యున్నది. ఆ కొరతను తెచ్చినది మన వైయాకరణులు అవధారణార్థకమని చెప్పిన ఏకారము. ఇక్కడ ఒక వింత గలదు. ఆంగ్లమున ‘ఏ’ ముందు చేరినచో ఉనికి, తొలగినచో కొరత. తెలుగున ‘ఏ’ చివర చేరినచో కొరత, తొలగినచో ఉనికి. ఈ రెండు ఏకారములకును ఎట్టి చుట్టరికమును లేదు. వాక్యములో ఆంగ్లేయులు తమ దానిని హ్రస్వముగా తేల్చి పలుకుదురు గూడ. ఐనను విద్యార్థి జ్ఞాపకమునకు ఇంతకన్న మంచి సాధనము దొరకుట కష్టము.

‘ఫ్యూ’ వ్యతిరేకార్థము వైపు మ్రొగ్గు పదమనుటకు ఆంగ్ల వ్యాకరణమే సాక్షి. వాక్యము చివర చేర్చు చిన్న ప్రశ్నను గమనింపుడు. ‘ఏ ఫ్యూ పీపుల్ కేమ్’ అను వాక్యమునకు ‘డిడింట్ దే?’ అని చేర్తురు. ‘ఫ్యూ పీపుల్ కేమ్’ అనినచో ‘డిడ్ దే?’ అని చేర్తురు. ‘ఎవరును రాలేదు’ అను వాక్యమునకు చేర్చునట్టి ప్రశ్నయే ఇది.

ఇట్లనుటచే ‘ఫ్యూ’ నిందార్థక మనియు, ‘ఏ ఫ్యూ’ ప్రశంసార్థక మనియు భ్రమపడరాదు. ఒక ప్రధానోపాధ్యాయుడు విద్యార్థికి యోగ్యతాపత్రము వ్రాయుచు ‘హి హేజ్ ఫ్యూ ఫాల్ట్స్’ అనెననుకొందము. అది మెచ్చికోలు, దోషములు అరుదని భావము. అచ్చట మరియొక అక్షరము చేర్చి ‘ఏ ఫ్యూ ఫాల్ట్స్’ అనెనా, దోషములు కొన్ని యున్నవని ఎత్తి చూపినట్లే. ఆ పత్రమును చేతబట్టుకొని ఉద్యోగమునకు పోవు బాలుని గతి యేమి?

కొరతయే కీర్తియైన సందర్భమును గలదు. 1940 ఆగస్టు 20న బ్రిటిషు కామన్సు సభలో చర్చిల్ తమ దేశపు యుద్ధవైమానికులను కొనియాడుచు, ఇంత గొప్ప ఋణము ఇంత కొద్దిమందికా యను భావమును ‘ఫ్యూ’ అను మాటతో పలికెను. నాటినుండి ‘ది ఫ్యూ’ అనునది ఆ వైమానికులకు బిరుదమైనది. అచ్చట ‘ఏ ఫ్యూ’ అని యున్నచో ఆ వాక్యము చల్లబడి యుండెడిది.

అయితే మాతృభాష మనలను ప్రతిచోటను ఒడ్డు చేర్చదు. నీళ్ళు, పాలు మనకు బహువచనములు. ‘కొన్ని నీళ్ళు’, ‘కొన్ని పాలు’ అనుట వాడుకలో నున్నది. అందుచే మన బాలుడు ‘ఫ్యూ వాటర్’ అని వ్రాయును. ఆంగ్లమున లెక్కించు వాటికి ‘ఫ్యూ’, కొలుచు వాటికి ‘లిటిల్’ వాడవలెను. ‘లిటిల్ మిల్క్’ అనగా పాలు కొంచెమే. ‘ఏ లిటిల్ మిల్క్’ అనగా కొంచెము పాలున్నవి. ఏకారముల న్యాయము ఇచ్చటను అదియే.

ఆంగ్లపు తరగతిలో తెలుగుమాట వినబడరాదని వాదించువారు కలరు. ఆంగ్లముననే ఆలోచింపనిదే ఆంగ్లము రాదని వారి వాదము. అభ్యాసము ముదిరిన పిమ్మట అది నిజమే. కాని తెలుగుననైనను ఆలోచింపనేర్వని బాలుడు ఆంగ్లమున నేమి ఆలోచించును? తెలుగును వెలివేసిన తరగతిలోనే ‘ఫ్యూ అనగా కొన్ని’ యను తప్పుడు తెలుగు గైడు పుస్తకమునుండి దొడ్డిదారిన వచ్చి కూర్చుండుచున్నది. తెలుగు ఎట్లును వచ్చును. సరియైన తెలుగు రావలెనన్నదే నా కోరిక.

ఉపాధ్యాయ సోదరులకు నా మనవి ఒక్కటే. నల్లబల్లపై పదమును, దాని కెదురుగా అర్థమును వ్రాయకుడు. రెండు వాక్యములు వ్రాయుడు. ఒక్కొక్క దానిని తెలుగున చెప్పుమని పిల్లలను అడుగుడు. ‘కొందరు’ అనవలసిన చోటను, ‘కొందరే’ అనవలసిన చోటను ఒకనాడు వారు తమంతట తాము గుర్తించినచో, ఆ పాఠమును మరల చెప్పవలసిన పనియుండదు.